తమ్ముడు మొదటిసారి ఫీల్డ్‌కి వెళ్తున్నాడు, ఏ కత్తి కొనివ్వాలి?

పెద్దోడు_84
మా తమ్ముడు సైన్యంలో చేరి రెండేళ్ళయింది. ఇప్పుడు మొదటిసారి ఫీల్డ్‌కి పంపుతున్నారు. ఎనిమిది తొమ్మిది నెలలు అక్కడే ఉంటాడు. బయలుదేరడానికి ఇంకా ఐదు వారాలుంది. వాడి నడుముకి ఒక మంచి కత్తి కట్టి పంపాలని నా కోరిక. కే-బార్ వాళ్ళ ఏడంగుళాల కత్తి మీద మనసు పడింది. 1942లో అమెరికా మెరైన్లు తీసుకున్న డిజైన్, తోలు పిడి, చూస్తేనే ధైర్యం వస్తుంది. దానితో పాటు ఇంకో రెండు మూడు టూల్స్ కూడా ఇవ్వాలని ఉంది. నిజంగా వాడినవాళ్ళు చెప్పండి. నేనిచ్చేది వాడి చేతిలో పనిచేయాలి, పెట్టె అడుగున పడి ఉండకూడదు.

పాతజవాన్
పదిహేడేళ్ళు సర్వీసు చేసి వచ్చాను. అన్నేళ్ళలో నా కత్తి ఏం చేసిందో చెబుతాను, మీరే ఆలోచించుకోండి. తాళ్ళు కోసింది. ఇసుక బస్తాల మూతికట్లు తెంపింది. అట్టపెట్టెలు, రేషన్ ప్యాకెట్లు విప్పింది. వైరు మీద తొడుగు ఒలిచింది. టెంటు మేకుల కోసం కర్ర చెక్కింది. ఎవరి మీదకీ ఒక్కసారి కూడా తీయలేదు. ఈ పనుల్లో దేనికీ ఏడంగుళాలు అవసరం పడలేదు, మూడున్నర నాలుగు అంగుళాలు సరిపోయాయి.

కొనే ముందు ఒక పని చేయండి. యూనిట్‌లో ఏ కత్తి అనుమతిస్తారో, ఎంత పొడవు దాకా ఒప్పుకుంటారో మీ తమ్ముడిని అడిగి తెలుసుకోమనండి. కొన్నిచోట్ల సొంత కత్తే వద్దంటారు. వాళ్ళ హవల్దారుకి ఒక్క మాట చెప్పి కొంటే తర్వాత గొడవ ఉండదు.

ఉక్కుపిచ్చి
కే-బార్ చెడ్డ కత్తి ఏమీ కాదు, అది ముందు చెప్పాలి. కానీ అందులో వాడేది 1095 రకం కార్బన్ ఉక్కు. కార్బన్ దాదాపు 0.95 శాతం, క్రోమియం నామమాత్రం. పదును బాగా పడుతుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. తడి తగిలితే మాత్రం తుప్పు పడుతుంది. పైన నల్లపూత ఉన్నా అంచు దగ్గర పూత ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. దానికి తోడు తోలు ఒర. తోలు తేమ పీల్చుకుని వదలదు. వానల్లో నానిన తోలు ఒరలో నెల రోజులు ఉంచి తీసి చూడండి, ఏడుపొస్తుంది.

మడతకత్తి
పాతజవాన్ గారి మాటే నాదీ. చిన్నదే మేలు.

కొండగాలి
చిన్నది మేలని అందరూ తల ఊపితే ఎలా? నేను మంచు ప్రాంతంలో చేశాను. మడత కత్తి కీలులో నీళ్ళు చేరి గడ్డకడితే మందపాటి గ్లవ్స్‌తో దాన్ని తెరవడం నరకం. లోహపు పిడి చేతికి అంటుకుని చర్మం ఊడొస్తుంది. అక్కడ నన్ను కాపాడింది రబ్బరు పిడి ఉన్న ఫిక్స్‌డ్ బ్లేడ్. ఒరలోంచి లాగితే చాలు, తెరవడం అనే పనే లేదు. ఏడంగుళాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కీలు లేని కత్తి ఒకటి ఉండాల్సిందే.

పాతజవాన్
కొండగాలి తమ్ముడూ, నేను ఫిక్స్‌డ్ వద్దనలేదు, పొడవు గురించే అన్నాను. గ్లవ్స్ సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

సిగ్నల్స్_వైరు
మీరంతా కత్తి దగ్గరే ఆగిపోయారు. నేనైతే ఉన్న డబ్బంతా మల్టీ టూల్ మీదే పెట్టమంటాను, అంటే ప్లయర్, స్క్రూడ్రైవర్, కత్తి అన్నీ ఒకదాంట్లోనే మడతపడి ఉండే పనిముట్టు. మన పనిలో కోయాల్సినవాటికన్నా పట్టుకోవాల్సినవి, తిప్పాల్సినవి, వంచాల్సినవే ఎక్కువ. యాంటెన్నా నట్టు వదులవుతుంది, జనరేటర్ క్లిప్పు ఊడుతుంది, బ్యాక్‌ప్యాక్ జిప్పు ఇరుక్కుంటుంది. వీటన్నిటికీ కావాల్సింది కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్.

నా దగ్గర ఉన్నది లెదర్‌మన్ వేవ్ ప్లస్. 241 గ్రాములు, 18 పనిముట్లు. కత్తి బయటి వైపునుంచే ఒక్క చేత్తో తెరుచుకుంటుంది, తెరిచాక లాక్ పడుతుంది. వైరు కటర్లు అరిగితే అవి మాత్రమే మార్చుకోవచ్చు. అందులో వజ్రపు పొడి పూసిన చిన్న ఆకురాయి ఉంటుంది. దానితో ఇంకో కత్తికి పదును కూడా పెట్టుకోవచ్చు, ఇది చాలామంది గమనించరు.

ఈ మల్టీ టూల్ పుట్టిన కథ కూడా బాగుంటుంది. టిమ్ లెదర్‌మన్ 1975లో భార్యతో కలిసి పాత కారులో యూరప్ తిరిగాడు. అది మాటిమాటికీ ఆగిపోయేది. జేబులో కత్తి ఉంది కానీ ప్లయర్ లేకపోయె. అప్పుడొచ్చిన ఆలోచన, 1983లో గానీ మార్కెట్లోకి రాలేదు.

మెకానిక్_బావ
సిగ్నల్స్_వైరు చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతాను. మల్టీ టూల్‌లోని ప్లయర్ అసలు ప్లయర్ కాదు. బిగిసిపోయిన బోల్టు మీద బలమంతా పెట్టి తిప్పితే దవడ విరుగుతుంది. నా కళ్ళముందే విరిగింది, అదీ నకిలీ సరుకు. పైన పేరు అదే, పెట్టె అదే, లోపలి ఉక్కు మాత్రం మెత్తన. కంపెనీ ఒప్పుకున్న విక్రేత దగ్గర తప్ప కొనొద్దు.

పెద్దోడు_84
ఇంత వివరంగా చెబుతున్నందుకు చాలా థాంక్స్. నేను సినిమా కళ్ళతో చూశానని అర్థమైంది. అయితే రెండూ ఇవ్వాలా, ఒక్కటే ఇవ్వాలా? తమ్ముడికి ఫోన్ కలవడం లేదు, ఆదివారం మాట్లాడతాడు.

ఫౌజీ_ఇల్లాలు
మా ఆయన మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ మీలాగే ఆరాటపడి ఒక సంచి నిండా కొన్నాను. పెద్ద కత్తి, చిన్న గొడ్డలి, మడత పార, రెండు టార్చిలు. వెళ్ళిన మూడో వారంలోనే సగం వెనక్కి వచ్చాయి. కోపంతో కాదు, మోయలేక. నీళ్ళు, మందుగుండు, రేడియో అన్నీ కలిసి వీపు మీద ఎంత బరువుంటుందో మనకి ఇంట్లో కూర్చుంటే తెలియదు. ఆ తర్వాత ఏది కొన్నా ముందు తూకం వేస్తున్నాను. కే-బార్ 320 గ్రాముల దాకా ఉంటుంది, ఒర కాకుండా. ఆ బరువులో ఒక మల్టీ టూల్ వచ్చి, మిగిలినదాంట్లో చిన్న జేబు కత్తి కూడా వచ్చేస్తుంది.

పట్టీకట్టు
మెడిక్‌గా పనిచేశాను. ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. కత్తెర. మామూలుది కాదు, గాయపడ్డవాళ్ళ బట్టలు కోసే ట్రామా షియర్స్. కింది కొస మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. చర్మానికి ఆనించి లాగినా గుచ్చుకోదు. మందపాటి ప్యాంటు, బెల్టు, బూటు లేసు, అన్నీ తెగుతాయి. గాయం ఎక్కడుందో చూడాలంటే బట్ట కోయాలి. కంగారులో, వణికే చేతులతో, మొనదేలిన కత్తి ఒంటి దగ్గర పెడితే ఉన్న గాయానికి ఇంకోటి తోడవుతుంది. అలా తోడైన గాయాలకు నేను కుట్లు వేశాను. బరువు తక్కువ, ధర తక్కువ. వాడి కిట్‌లో ఇప్పటికే ఉందేమో అడగండి, లేకపోతే ముందు ఇదే కొనండి, కత్తి తర్వాత.

రోడ్డుబండి
పట్టీకట్టు అక్కా, సీటు బెల్టు కోసే కొక్కెం కత్తి కూడా చెప్పాల్సింది. వాహనాల్లో తిరిగేవాళ్ళకి అది తప్పనిసరి. పదును లోపలి వంపులో ఉంటుంది, వేలు తగలదు. మా బండి పక్కకి ఒరిగినప్పుడు నా బెల్టు బకిల్ ఇరుక్కుపోయింది, దాంతోనే బయటపడ్డాను.

పట్టీకట్టు
అవును, మర్చిపోయాను. అది ఎడమ చేతికీ కుడి చేతికీ అందేచోట ఉండాలి. ఒక చెయ్యి ఇరుక్కుంటే రెండోది అందుకోవాలి కదా.

చరిత్ర_మాస్టారు
ఈ చర్చ నూట ముప్పై ఏళ్ళ కిందటే స్విట్జర్లాండ్ సైన్యంలో జరిగింది. 1889లో వాళ్ళకి కొత్త రైఫిల్ వచ్చింది. విడదీయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. రేషన్ డబ్బాలు తెరవడానికి ఇంకో పనిముట్టు కావాలి. అందుకని 1891 నుంచి సైనికుడికి ఒక మడత కత్తి ఇచ్చారు. కత్తి, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, తోలుకి కన్నం పెట్టే దబ్బనం, అంతే. పోరాటం కోసం అందులో ఏమీ లేదు. 2008లో మార్చినప్పుడు కూడా పెద్దది చేశారు, ఒక చేత్తో తెరిచేలా చేశారు, అంతే తప్ప బాకులా మార్చలేదు.

దానికి ఎదురుగా బ్రిటిష్ కమాండోల ఫెయిర్‌బెర్న్-సైక్స్ బాకుని చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాటానికనే తయారైంది, చాలా సన్నం. సైనికులు దానితోనే డబ్బాలు తెరిచి, పెట్టెల మూతలు పెకలించేసరికి మొనలు విరిగేవి.

మడతకత్తి
మాస్టారూ, తుపాకి కొసకి బిగించే కత్తి, బాయ్‌నెట్ సంగతి? అది ఎలాగూ ఇస్తారుగా, దాంతో సరిపెట్టుకోకూడదా?

చరిత్ర_మాస్టారు
మంచి ప్రశ్న. 1959లో వచ్చిన సోవియట్ ఏకేఎం రైఫిల్ బాయ్‌నెట్ బ్లేడుకి ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని ఒర కొసనున్న బొడిపెకి తగిలిస్తే కత్తెరలా మారి కంచె తీగ తెంపుతుంది. అమెరికా 1980లలో తీసుకున్న ఎం9 బాయ్‌నెట్ కూడా అదే పద్ధతి. అంటే బాయ్‌నెట్ తయారుచేసేవాళ్ళు కూడా దాన్ని పనిముట్టుగా మార్చడానికే చూశారు. కానీ దానితో సన్న పనులు చేయలేం. పైగా అది ప్రభుత్వ సామాను, విరిగితే లెక్క చెప్పాలి.

ఉక్కుపిచ్చి
ఉక్కు గురించి ఇంకొంచెం రాస్తాను, ఎవరూ ఆపకండి.

దుకాణాల్లో ఖరీదైన ఉక్కు పేర్లు చెప్పి అమ్ముతారు. ఎస్30వీ, డీ2, ఇంకా ఎన్నో. కాఠిన్యం రాక్‌వెల్ స్కేలు మీద 60 దగ్గర ఉంటుంది. పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. కానీ ఒకసారి మొద్దుబారితే మామూలు సానరాయి మీద గంట సేపు రుద్దినా కదలదు. ఫీల్డ్‌లో ఆ గంట ఎవరికి ఉంటుంది? స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ కత్తి 56 దగ్గర ఉంటుంది. త్వరగా మొద్దుబారుతుంది, కానీ అంతే త్వరగా పదునెక్కుతుంది. ఏ రాయీ లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగితే చాలు. కొత్తగా వెళ్ళే కుర్రాడికి నేనైతే మెత్తటి స్టెయిన్‌లెస్సే ఇస్తాను.

డీ2 గురించి ప్రత్యేకంగా. క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, చాలామంది స్టెయిన్‌లెస్ అనుకుంటారు. కానీ అందులో కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉంటుంది. క్రోమియంలో చాలా భాగం ఆ కార్బన్‌తో ముడిపడిపోతుంది, తుప్పు ఆపడానికి మిగిలేది తక్కువ. తడిగా వదిలేస్తే మచ్చలు పడతాయి.

ఫిక్స్‌డ్ కావాలంటే మోరా కంపానియన్ చూడండి. బ్లేడు నాలుగంగుళాల పైచిలుకు, స్టెయిన్‌లెస్ రకం దొరుకుతుంది, ప్లాస్టిక్ ఒర, రబ్బరు పిడి. ధర కూడా తక్కువే, పోయినా గుండె పగలదు.

కొండగాలి
మోరా మంచిదే, కానీ దాని బ్లేడు ఉక్కు పిడి లోపల చివరిదాకా వెళ్ళదు. ముప్పావు దాకా వెళ్ళి ఆగుతుంది. కర్ర చీల్చడానికి బ్లేడు వీపు మీద దెబ్బలు కొడితే నాకు నమ్మకం చాలదు. పిడి చివరిదాకా ఒకటే ఉక్కు ముక్క ఉన్నది తీసుకోవాలి.

ఉక్కుపిచ్చి
కర్ర చీల్చడం రోజూ చేసే పనైతే మీరన్నది సరే. వారానికోసారి మేకు చెక్కడానికి ముప్పావు చాలు.

ఓడమనిషి
సముద్రం పక్కన చేసేవాళ్ళ లెక్క వేరు. ఉప్పుగాలి మామూలు స్టెయిన్‌లెస్‌ని కూడా వదలదు. మేము కార్బన్ బదులు నైట్రోజన్ ఎక్కువ కలిపిన ఉక్కు వాడతాం, హెచ్1, ఎల్‌సీ200ఎన్ లాంటివి. తుప్పు పట్టవు. ఇంకోటి, నావికుల కత్తికి మొన ఉండదు. ఓడ ఊగుతుంటే పక్కవాడిని గుచ్చకూడదు కదా. తాడు కోయడానికి మొన ఎందుకు?

ఇసుకదారి
ఎడారిలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య. తుప్పు తక్కువ, ఇసుక ఎక్కువ. మల్టీ టూల్ కీళ్ళకి నూనె పోస్తే ఇసుక అంటుకుని సానముద్ద తయారవుతుంది, తెరిస్తే కరకరమంటుంది. నూనె మానేసి గ్రాఫైట్ పొడి, లేదంటే ఆరిపోయాక పొడిగా ఉండే లూబ్రికెంట్ వాడాలి. తమ్ముడు ఏ నేల మీదకి వెళ్తున్నాడో వాడికి తెలుస్తుంది, ఇక్కడ రాయకండి. దాన్నిబట్టి ఎంచుకోండి.

పాతజవాన్
ఇసుకదారి చివర అన్న మాట గమనించండి పెద్దోడూ. చోటు, తేదీ, యూనిట్ పేరు ఎక్కడా రాయొద్దు. మొదటి పోస్టులో వారాల లెక్క కూడా తీసేయండి.

పెద్దోడు_84
అయ్యో, నాకు తట్టనే లేదు. తీసేయమని అడ్మిన్‌కి రాశాను. ఆ లెక్క ఎలాగూ ఇప్పుడు మారిపోయిందట.

మడతకత్తి
సగం పదును, సగం రంపపు పళ్ళు ఉన్న కత్తులు ఎలా ఉంటాయి? తాడు బాగా కోస్తాయంటారు.

ఉక్కుపిచ్చి
కోస్తాయి. కానీ మొద్దుబారితే పళ్ళకి పదును పెట్టడానికి సన్నటి గుండ్రటి కడ్డీ కావాలి, ఒక్కో పన్ను విడిగా రుద్దాలి. పైగా పళ్ళు పిడి దగ్గరే ఉంటాయి, కర్ర చెక్కేటప్పుడు బలం పెట్టాల్సింది సరిగ్గా అక్కడే. నాకు నచ్చవు.

రోడ్డుబండి
నాకు నచ్చుతాయి. బండి కట్టే నైలాన్ పట్టీలు మామూలు అంచు మీద జారిపోతాయి, పళ్ళు పట్టుకుంటాయి. పని ఏదో దాన్నిబట్టి.

వేలుకోత
మడత కత్తికి లాక్ లేకపోతే కొనకండి. నేను లాక్ లేనిదానితో ప్లాస్టిక్ డబ్బాకి కన్నం పెడుతుంటే మొన ఇరుక్కుని బ్లేడు మడతపడింది. చూపుడు వేలు ఎముక దాకా తెగింది. ఇప్పటికీ ఆ వేలికి చివర స్పర్శ లేదు. దయచేసి ఈ ఒక్కటి వినండి.

ఫౌజీ_ఇల్లాలు
చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది. జాగ్రత్త అన్నయ్యా.

విమానం_మిస్
ప్రయాణం సంగతి. కత్తి, మల్టీ టూల్ చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. నాది పోయింది, నాన్న ఇచ్చింది. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, కింద వేసే బ్యాగులో పెట్టాలి. విడి లిథియం బ్యాటరీలు మాత్రం దానికి వ్యతిరేకంగా, చేతిసంచిలోనే ఉండాలి. రెండూ తారుమారు చేయకండి.

పెద్దోడు_84
తమ్ముడితో మాట్లాడాను. ఇదంతా చదివి వినిపించాను. ముందు చాలాసేపు నవ్వాడు. తర్వాత చెప్పింది ఇది.

మల్టీ టూల్ యూనిట్‌లో ఇస్తున్నారట. బాయ్‌నెట్ ఎలాగూ ఉంది. ట్రామా షియర్స్ ఒక్కటి సెక్షన్ మొత్తానికి ఉందట, తనకంటూ ఒకటి కావాలన్నాడు. నాలుగున్నర అంగుళాల లోపు సొంత కత్తికి అనుమతి ఉంది. వాడు నోరు తెరిచి అడిగినవి వేరే. తలకి కట్టుకునే లైటు, ఎర్ర వెలుగు ఉన్నది. చిన్న సానపట్టే పలక. మంచి తాడు. దబ్బనం, గట్టి దారం. పోయిన ట్రైనింగ్‌లో బ్యాక్‌ప్యాక్ పట్టీ కుట్టు ఊడితే వైరుతో కట్టుకుని నాలుగు రోజులు నడిచాడట, భుజం ఒరుసుకుపోయిందట. నాకు అప్పుడు చెప్పనే లేదు.

పాతజవాన్
అడగడం ఎంత పని చేసిందో చూశారా. కుర్రాడు తెలివైనవాడు.

ఎర్ర వెలుగు ఎందుకంటే, తెల్లలైటు ఒక్కసారి చూస్తే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ కుదురుకోవడానికి అరగంట దాకా పడుతుంది. మసక ఎర్ర వెలుగులో అంత నష్టం ఉండదు. కొనేటప్పుడు బటన్ నొక్కగానే ముందు ఎరుపే వెలిగేది చూడండి. ముందు తెలుపు వెలిగి తర్వాత ఎరుపు వచ్చేది వద్దు.

సిగ్నల్స్_వైరు
బ్యాటరీ కూడా చూడండి. యూనిట్‌లో వాళ్ళకి ఏ సైజు సెల్లులు ఇస్తారో లైటు కూడా వాటితోనే వెలగాలి. చలి ప్రాంతమైతే లిథియం సెల్లులు, మైనస్ 40 దాకా పనిచేస్తాయి. మామూలు ఆల్కలైన్ చలికి నీరసించిపోతుంది.

కొండగాలి
తాడు అంటే 550 పారాకార్డ్ తీసుకోండి. 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల దాకా తట్టుకుంటుంది. లోపల ఏడు సన్న తాళ్ళు ఉంటాయి, విడదీసి కుట్టడానికి కూడా వాడుకోవచ్చు. కానీ మనుషులు ఎక్కడానికి, దిగడానికి కాదు, అది గట్టిగా చెప్పండి. నకిలీలో లోపల దూది లాంటి పీచు ఉంటుంది. కొన్నాక కొస కోసి చూడండి.

ఉక్కుపిచ్చి
సానపట్టడానికి డైమండ్ ప్లేట్, జేబులో పట్టే సైజు. నూనె అక్కర్లేదు, నీటి చుక్క చాలు, రాయిలా పగలదు. ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీలు. 20 డిగ్రీలు కంటికి ఎలా తెలుస్తుందంటే, బ్లేడుని నిటారుగా పెట్టండి, అది 90. సగం వంచితే 45. ఇంకో సగం వంచితే 22 దాకా వస్తుంది. ఇంకో రవ్వంత వంచండి. వెళ్ళేలోపు ఇంట్లోనే రోజూ పది నిమిషాలు అలవాటు చేసుకోవాలి. అక్కడికెళ్ళి నేర్చుకుంటే కుదరదు.

మెకానిక్_బావ
కత్తి మాత్రం ఏది తీసుకుంటున్నారు చివరికి?

పెద్దోడు_84
మోరా, స్టెయిన్‌లెస్‌ది. కొండగాలి గారూ కోప్పడకండి, వాడు కర్రలు చీల్చే పని లేదన్నాడు. కే-బార్ నాకోసం ఎప్పుడైనా కొనుక్కుంటాను.

కొండగాలి
కోపమేముంది బ్రదర్. ఒరకి ఒక బొక్క పెట్టి, పిడిని సన్నతాడుతో బెల్టుకి కట్టమనండి. రాత్రి నడకలో జారిపోతే తెల్లారి వెతికినా దొరకదు.

పాతజవాన్
అందరి దగ్గరా అవే కత్తులు, అవే టూల్సు ఉంటాయి. పిడి మీద వాడికి మాత్రమే తెలిసే గుర్తు ఒకటి చెక్కమనండి, పేరు వద్దు. ఒకే టూల్ కోసం ముగ్గురు పోట్లాడుకోవడం చూశాను.

పెద్దోడు_84
సామాను వచ్చింది. పారాకార్డ్ కొస కోసి లెక్కపెట్టాం, ఏడూ ఉన్నాయి. నిన్న రాత్రి తమ్ముడు మూడుసార్లు పదును పెట్టాడు. మొదటిసారి కాగితం చిరిగింది, మూడోసారి తెగింది. దారం మాత్రం అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గట్టిది తనే వెతికి, మైనం రుద్ది, అట్టముక్కకి చుట్టింది. కళ్ళజోడు పెట్టుకుని దబ్బనం చెవిలోకి ఎక్కించి చూసింది. ఎక్కింది.